స్టార్టరు డబ్బా షాక్ కొడుతోంది, ఫ్యూజు మాత్రం పోవడం లేదు

విభాగం: మోటార్లు, వైరింగు, కరెంటు కష్టాలు

చల్కనేల | దేవరకొండ దగ్గర | ఆదివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్, 420 అడుగుల బోరు. మొన్నటి వాన తర్వాత స్టార్టరు డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటోంది. మొదట మా ఆవిడ చెబితే నమ్మలేదు. చెప్పులు విప్పి తడి మట్టిలో నిలబడి వేలి వెనక వైపు ఆనిస్తే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. టెస్టరు పెడితే మూత మీద కూడా వెలుగుతోంది.

ఎర్తు లేదనుకోకండి. మూడేళ్ల కిందట గుంత తవ్వించి, ఉప్పు, బొగ్గు వేసి పైపు పాతించాను. డబ్బా నుంచి జీఐ తీగ నేరుగా దానికే పోయింది. మరి డబ్బాకు కరెంటు వస్తే ఫ్యూజు పోవాలి కదా? మోటారు ఏమీ ఎరగనట్లు నీళ్లు పోస్తూనే ఉంది. దుకాణంలో అడిగితే ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే దానంతటదే పడిపోయి సరఫరా ఆపే స్విచ్చు, పెట్టుకొమ్మన్నారు. ఫ్యూజుకు తెలియనిది దానికి ఎలా తెలుస్తుంది? ఏమి చూసి పడుతుంది?

ఊరి వైర్‌మన్ | నాంపల్లి మండలం | ఆదివారం రాత్రి 8:58

సులువైన పని అండీ. డబ్బా నుంచి ఒక తీగ వేసి స్తంభం మీది న్యూట్రల్‌కు కలిపేయండి. ఫ్యూజు ఠక్కున పోతుంది.

టెస్టరు జేబులో | మిర్యాలగూడ | ఆదివారం రాత్రి 9:15

వైర్‌మన్ గారూ, ఆ సలహా దయచేసి వెనక్కి తీసుకోండి. ఫ్యూజు పోయే మాట నిజమే. కానీ రేపు గాలికి ట్రాన్స్‌ఫార్మర్ వైపు న్యూట్రల్ తీగ తెగిందనుకోండి, ఆ తీగ మీద ఆధారపడిన బల్బులు, మోటార్ల కరెంటంతా ఈయన డబ్బా మీదికి వస్తుంది. ఇప్పుడు జివ్వుమంటున్నది అప్పుడు మనిషిని పట్టేస్తుంది. అది కూడా ఈయన మోటారులో ఏ లోపమూ లేకుండానే.

చల్కనేల గారూ, ముందు ఫ్యూజులు లాగించేయండి. వేలి వెనకతో చూసే పరీక్ష మా తాతల కాలం నాటిది, మళ్లీ చేయవద్దు.

ఇక ఫ్యూజు సంగతి. మీ ఎర్తు గుంత నిరోధం 40 ఓంలు అనుకుందాం. చల్క నేలలో, కింద రాయి ఉన్న చోట, ఎండాకాలం అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి న్యూట్రల్ ఎర్తు 5 ఓంలు వేసుకోండి. ఒక ఫేజు తీగ పూర్తిగా డబ్బాకే తాకినా ప్రవహించేది 230ని 45తో భాగిస్తే వచ్చేది, అంటే సుమారు 5 ఆంపియర్లు. మీ మోటారు మామూలుగానే 7, 8 ఆంపియర్లు తీసుకుంటుంది, స్టార్ట్ అయ్యేటప్పుడు దానికి ఐదారు రెట్లు. ఆ దెబ్బకు తట్టుకునేలా ఫ్యూజు తీగ వేసి ఉంటారు. దాని లెక్కలో ఈ 5 ఆంపియర్లు ఇంకో చిన్న మోటారు, అంతే. అది పోదు. ఆ 5 ఆంపియర్లు 40 ఓంల గుంతలోకి దిగుతున్నంతసేపూ డబ్బా మీద 200 వోల్టులు నిలబడి ఉంటాయి. ఎర్తు ఉంది, తీగ ఉంది, ఉప్పూ బొగ్గూ ఉన్నాయి, అయినా డబ్బా మీద 200 వోల్టులు! మన వైపు జరిగే చాలా ప్రమాదాల వెనక ఉన్నది ఈ లెక్కే.

ఇంకో మాట. వ్యవసాయ కనెక్షన్ కాబట్టి బిల్లు రాదు. ఇల్లయితే ఈ పాటికి మీటరే మీకు చెప్పేది.

డిప్లొమా మూడో ఏడు | నల్లగొండ | ఆదివారం రాత్రి 9:31

సార్, ఆర్‌సీసీబీ లోపల కోర్ బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుందని చదివాను. బొమ్మ గీయమంటే గీస్తాను. కానీ అది ఎర్తు తీగను అసలు తాకనే తాకదు కదా, మరి ఎర్తు ఫాల్టును ఎలా పట్టుకుంటుంది? వైవాలో ఇదే అడిగితే నోరు పెగల్లేదు.

టెస్టరు జేబులో | మిర్యాలగూడ | ఆదివారం రాత్రి 9:50

తమ్ముడూ, మంచి ప్రశ్న. అది ఎర్తును చూడదు. వెళ్లిందంతా తిరిగి వచ్చిందా లేదా అని మాత్రమే చూస్తుంది.

పెళ్లి భోజనాల దగ్గర గుమ్మంలో ఒకాయన కూర్చుని లోపలికి పోయినవాళ్లను, బయటికి వచ్చినవాళ్లను లెక్క పెడుతున్నాడనుకో. పెరటి తలుపు ఎక్కడుందో ఆయనకు తెలియనవసరం లేదు. లెక్క తగ్గితే ఎవరో వేరే దారిన పోయారని తెలిసిపోతుంది. ఆర్‌సీసీబీలో ఆ గుమ్మం ఒక చిన్న లోహపు వలయం. ఫేజు, న్యూట్రల్ రెండూ దాని మధ్య నుంచే పోతాయి. ఒకటి ఇటు, ఒకటి అటు, సమానంగా ఉంటే వలయంలో అయస్కాంత క్షేత్రం సున్న. 30 మిల్లీ ఆంపియర్లు డబ్బా గుండానో మనిషి గుండానో నేలలోకి జారిపోతే ఆ తేడాకు వలయంలో క్షేత్రం పుడుతుంది, దాని మీద చుట్టిన సన్నని తీగలో కరెంటు వస్తుంది. పాత పద్ధతి ఆర్‌సీసీబీ ఒకటి విప్పి చూడు: చిన్న శాశ్వత అయస్కాంతం ఒక ఇనుప రేకును పట్టుకుని ఉంటుంది, స్ప్రింగు దాన్ని లాగుతూ ఉంటుంది. వలయం నుంచి వచ్చిన కరెంటు ఆ అయస్కాంతం పట్టును కాస్త సడలిస్తుంది. మిగతాది స్ప్రింగు చూసుకుంటుంది. బ్యాటరీ అక్కర్లేదు, మరో సరఫరా అక్కర్లేదు.

30 మిల్లీ ఆంపియర్ల రకం 15 లోపు పడకూడదు, 30కి 300 మిల్లీ సెకన్లలో పడాలి, 150కి 40 మిల్లీ సెకన్లలో పడాలి. మూడు ఫేజులకూ అదే సూత్రం. మూడు తీగలూ ఒకే వలయంలోంచి పోతాయి, కూడితే సున్న రావాలి.

నువ్వు చెప్పిన ఎర్తు తీగను తాకే రకం కూడా ఒకప్పుడు ఉండేది. పాత ఈఎల్‌సీబీలో డబ్బాకూ ఎర్తుకూ మధ్య ఒక కాయిల్ పెట్టేవాళ్లు. డబ్బా మీద వోల్టేజి పెరిగితే పడేది. డబ్బా ఇంకో చోట నేలను తాకుతుంటే కాయిల్‌ను తప్పించుకుని కరెంటు పోయేది, అది నిద్రపోయేది. అందుకే కాలం చెల్లింది. జనం నోట మాత్రం ఆ పేరే మిగిలింది. దుకాణంలో ఈఎల్‌సీబీ అడిగినా ఆర్‌సీసీబీయే ఇస్తారు.

వైండింగ్ షాపు | జడ్చర్ల | ఆదివారం రాత్రి 10:20

చెప్పడానికి అన్నీ బాగుంటాయి. బోరు మోటార్లకు ఆర్‌సీసీబీ నిలవదండీ. ఇరవై ఏళ్లుగా మోటార్లు చుడుతున్నాను. నీళ్లలో మునిగి ఉండే మోటారు, వందల అడుగుల కేబులు, కొంత లీకేజి లేకుండా ఎలా ఉంటుంది? పెట్టిన ప్రతి రైతూ నెలలోపు తీసి పక్కన పడేశాడు. రాత్రి పూట నీళ్లు పారేటప్పుడు అది పడితే మడి ఎండుతుంది. ఆ తిట్లు పెట్టమన్నవాడికే.

పాత సబ్‌స్టేషన్ | మహబూబ్‌నగర్ | సోమవారం ఉదయం 6:05

షాపు గారి అనుభవాన్ని కాదనను. కానీ తీసేసిన రైతులలో ఎంతమంది మోటారుకు ముందు మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటరు) పెట్టి చూశారు? పడిన ప్రతిసారీ పరికరానిదే తప్పు అనుకోవడం మాకూ ఉండేది. ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు పోయే లైను) ఎర్తు ఫాల్టు మీద పడితే ‘రిలే (ఫాల్టును చూసి బ్రేకరును పడగొట్టేది) పిచ్చిది’ అని మళ్లీ ఛార్జ్ చేసి చూసేవాళ్లం. ఎక్కువసార్లు నిలిచేది, చెట్టు కొమ్మో కొంగో కాబట్టి. నిలవని రోజున ఎక్కడో తీగ కింద పడి ఉండేది.

చల్కనేల గారూ, మీ వైర్‌మన్ దగ్గర టాంగ్ టెస్టరు (తీగను దవడల మధ్య పెట్టి కరెంటు కొలిచే మీటరు) ఉంటే రెండు కొలతలు తీయమనండి. ఒకటి, ఎర్తుకు పోయే జీఐ తీగ మీద. రెండోది, మోటారుకు పోయే మూడు తీగలనూ కలిపి ఒకేసారి దవడల మధ్య పెట్టి. ఈ రెండో కొలతే ఆర్‌సీసీబీ చేసే పని. డబ్బు పెట్టి అది కొనే ముందే అది ఏమి చూడబోతోందో మీరు చూడవచ్చు. గ్లౌజులు, పొడి చెక్క పీట తప్పనిసరి. మీరు దూరంగా నిలబడండి.

అచ్చంపేట అంచున | సోమవారం ఉదయం 9:44

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. పైన ‘తీగ కింద పడి ఉండేది’ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. పోయిన వేసవిలో మా పక్క చేనులో 11 కేవీ తీగ తెగి పడింది. ఊళ్లో కరెంటు పోలేదు. తెల్లారి గేదెలు రెండు అటు వెళ్లి పడిపోయాయి. తోలుకెళ్లిన పిల్లవాడు పది అడుగుల దూరంలో ఉన్నాడు, అతనికి కాళ్లు తిమ్మిరెక్కాయి తప్ప ఏమీ కాలేదు. సబ్‌స్టేషన్‌లో అంత పెద్ద యంత్రాలు ఉండి కూడా ఎందుకు తెలియలేదు? ఎవరి మీదా ఫిర్యాదు కాదు, అర్థం కావాలని.

పాత సబ్‌స్టేషన్ | మహబూబ్‌నగర్ | సోమవారం ఉదయం 11:30

మీరు అడిగినదానికి వివరంగా చెప్పాలి. టీ తాగి కూర్చున్నాను.

33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో పవర్ ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీ వైపు స్టార్ కనెక్షన్, దాని న్యూట్రల్ నేలకు గట్టిగా కలిపి ఉంటుంది. ప్రతి ఫీడరుకూ మూడు సీటీలు, అంటే లైను కరెంటును కొలవడానికి వీలుగా తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్లు, ఫేజుకు ఒకటి. ఆ మూడింటి సెకండరీలను ఒకచోట కలిపి తెస్తే మామూలు రోజున ఆ తీగలో ఏమీ ఉండదు. ఏదైనా ఫేజు నేలను తాకితే ఆ కరెంటు భూమి గుండా న్యూట్రల్‌కు చేరుతుంది, మూడింటి కూడిక సున్న కాకుండా పోతుంది, ఆ మిగులు ఎర్తు ఫాల్టు రిలేలోకి వస్తుంది. మిర్యాలగూడ ఆయన చెప్పిన పెళ్లి గుమ్మమే, కాకపోతే మా గుమ్మానికి ముగ్గురు వేర్వేరు లెక్కగాళ్లు. పాత ప్యానెళ్లలో రెండు ఓవర్‌కరెంటు రిలేలు, ఒక ఎర్తు ఫాల్టు రిలే ఉండేవి. గాజు మూత వెనక అల్యూమినియం చక్రం. కరెంటు ఎంత ఎక్కువైతే అంత వేగంగా తిరిగి, కాంటాక్టు తగిలి, బ్రేకరు పడి, చిన్న రంగు ఫ్లాగు కిందికి జారేది. రాత్రి రెండు గంటలకు బ్రేకరు చప్పుడుకు లేచి టార్చి వేసి మొదట చూసేది ఏ ఫ్లాగు పడిందనే.

ఇప్పుడు లెక్క. సీటీ 400/1 అనుకోండి, అంటే లైనులో 400 ఆంపియర్లు పోతే రిలేకు 1 ఆంపియరు ఇచ్చేది. ఎర్తు ఫాల్టు రిలేను 20 శాతానికి పెడితే 80 ఆంపియర్ల దగ్గర అది కదలడం మొదలవుతుంది. స్టాండర్డ్ ఇన్వర్స్ వక్రం (కరెంటు పెరిగేకొద్దీ సమయం తగ్గేది), టైమ్ మల్టిప్లయర్ (ఆ సమయాన్ని తగ్గించే సెట్టింగు) 0.1 అయితే రెండింతలు అంటే 160 ఆంపియర్లకు ఒక సెకను, పదింతలకు 0.3 సెకను. తీగ ఇనుప స్తంభాన్ని తాకినా, చెరువులో పడినా వందల ఆంపియర్లు పోతాయి, రిలే వెంటనే పట్టుకుంటుంది.

కానీ మీ చేనులో పడిన చోటు ఎండిన చల్క. 11 కేవీలో ఒక ఫేజుకూ నేలకూ మధ్య ఉండేది 6,350 వోల్టులు. 80 ఆంపియర్లు పోవాలంటే దారి మొత్తం నిరోధం 80 ఓంలకు లోపు ఉండాలి. ఎండిన ఎర్ర ఇసుక మీద సన్నని తీగ ఆనితే వెయ్యి ఓంలు దాటడం పెద్ద విశేషం కాదు. అంటే 6 ఆంపియర్లు. ఫీడరు మీద 150 ఆంపియర్ల లోడు పోతుంటే ఈ ఆరు ఎవరికి కనిపిస్తాయి? అమెరికాలో 12.5 కేవీ తరగతి లైన్ల మీద తీగలు కావాలని కింద వేసి కొలిచారు. పొడి ఇసుక మీద, పొడి తారు మీద దాదాపు సున్న. తడి ఇసుక మీద 15 ఆంపియర్లు, పొడి గడ్డి మీద 25, తడి గడ్డి మీద 50, ఇనుము ఉన్న కాంక్రీటు మీద 75. చూడండి, అన్నిటికన్నా పెద్ద అంకె కూడా మన 80 కన్నా తక్కువే. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వాళ్లు 1970ల చివరి నుంచి ఈ ఒక్క సమస్య మీదే పని చేస్తూ వచ్చారు. నేల మీద తీగ చిటపటలాడేటప్పుడు కరెంటు ఆకారం ఒక్కో సైకిలుకు ఒక్కోలా ఉంటుంది, ఆ గజిబిజిని గుర్తుపట్టే రిలేలు వచ్చాయి. అవీ ప్రతిసారీ పట్టుకోలేవు.

గేదెలు పోయి పిల్లవాడు బతికిన కారణం వేరే. తీగ ఆనిన చోటి నుంచి దూరం పోయేకొద్దీ నేల మీద వోల్టేజి తగ్గుతూ పోతుంది. ముందు కాలికీ వెనక కాలికీ మధ్య దూరం ఎంత ఉంటే అంత తేడా ఒంటి మీద పడుతుంది. గేదెకు ఆ దూరం ఎక్కువ, పైగా ఆ కరెంటు గుండె మీదుగానే పోతుంది. మనిషికి రెండు కాళ్ల మధ్యే. ఎప్పుడైనా అలాంటి చోట ఇరుక్కుంటే పరుగెత్తకూడదు. రెండు పాదాలు ఆనించుకుని చిన్నగా జరుపుకుంటూ బయటికి రావాలి. తర్వాత 1912కు ఫోను చేయాలి, తీగ దగ్గరికి ఎవరినీ పోనివ్వకూడదు. కరెంటు పోయి ఉన్నా సరే, ఎందుకంటే అవతల నాలాంటివాడు ఒకడు ట్రయల్ ఛార్జ్‌కు చెయ్యి చాపుతూ ఉండవచ్చు.

డిప్లొమా మూడో ఏడు | నల్లగొండ | సోమవారం మధ్యాహ్నం 1:10

అయితే సార్, 80కి బదులు 5 ఆంపియర్లకు పెడితే సరిపోదా?

దామరచర్ల షిఫ్టు | సోమవారం మధ్యాహ్నం 2:25

పాత సబ్‌స్టేషన్ గారి తరఫున నేను చెబుతాను. మూడు వేర్వేరు సీటీలు ముగ్గురు తోబుట్టువుల లాంటివి, అచ్చంగా ఒకేలా ఉండవు. పెద్ద మోటారు లేచినప్పుడో ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జ్ అయినప్పుడో ఒకటి కాస్త ముందు సాచురేట్ అవుతుంది, అంటే దాని ఇనుము నిండిపోయి కరెంటును తప్పుగా చూపిస్తుంది. నిజమైన ఫాల్టు లేకుండానే కూడికలో మిగులు కనిపిస్తుంది. 5కు పెడితే రోజుకు పదిసార్లు పడుతుంది. ఆ తర్వాత ఎవరో విసుగొచ్చి ట్రిప్ లింకు (రిలే నుంచి బ్రేకరుకు పోయే కలుపు) ఊడదీస్తారు, ఉన్న 80 కూడా పోతుంది.

మా ప్లాంటులో పెద్ద మోటార్లకు దారి వేరు. మూడు కోర్ల కేబులు మొత్తం ఒకే పెద్ద వలయంలోంచి పోతుంది. ఒకే సీటీ కాబట్టి తోబుట్టువుల గొడవ లేదు, కొన్ని ఆంపియర్లకు కూడా పెట్టుకోవచ్చు. ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. కేబులు ఆర్మర్‌ను (పైనున్న ఇనుప తొడుగును) గ్లాండు (కేబులును ప్యానెలుకు బిగించే బిగింపు) దగ్గర ఎర్తు చేస్తారు. గ్లాండు వలయానికి పైన ఉంటే ఆ ఎర్తు తీగను మళ్లీ వలయంలోంచే కిందికి తెచ్చి అప్పుడు ఎర్తు పట్టీకి బిగించాలి. అలా చేయకపోతే కేబులులో ఫాల్టు వచ్చినప్పుడు కోరులో పోయిన కరెంటు ఆర్మర్‌లో తిరిగి వస్తూ అదే వలయంలో రద్దయిపోతుంది. రిలే బాగుంటుంది, సీటీ బాగుంటుంది, పరీక్షలో అన్నీ పాస్, అసలు రోజున మాత్రం ఏమీ చూడదు. ఒకసారి కమిషనింగ్‌లో ఆ తీగ వలయం పక్క నుంచి పోయి ఉంటే అది కంటపడింది మా హెల్పరుకు, ఇంజినీర్లకు కాదు.

జనరేటర్లదైతే ఇంకో కథ. న్యూట్రల్‌ను నేరుగా నేలకు కలపరు, చిన్న ట్రాన్స్‌ఫార్మర్, రెసిస్టర్ మధ్యలో పెట్టి ఫాల్టు కరెంటును 10 ఆంపియర్ల చుట్టుపక్కల ఆపుతారు. లేకపోతే స్టేటర్ (తిరగని భాగం) ఇనుప పలకలు కరిగి అతుక్కుంటాయి. ఫాల్టు వస్తే న్యూట్రల్ దగ్గర వోల్టేజి లేస్తుంది, దాన్ని చూసి యూనిట్ పడుతుంది. కానీ న్యూట్రల్‌కు దగ్గరి చివరి 5 శాతం వైండింగులో ఫాల్టు వస్తే లేచే వోల్టేజి మరీ తక్కువ, కనిపించదు. ఆ కొసను పట్టుకోవడానికి మూడో హార్మోనిక్‌ను (మామూలు కరెంటుకు మూడు రెట్ల ఫ్రీక్వెన్సీతో ఉండే భాగాన్ని) గమనించడమో, బయటి నుంచి 20 హెర్ట్‌జ్ సంకేతాన్ని పంపి అది ఎంత తిరిగొస్తుందో చూడడమో చేస్తారు. రెండో పద్ధతిలో యంత్రం ఆగి ఉన్నా తెలుస్తుంది.

ఇన్వర్టర్ బాధితురాలు | వనపర్తి | సోమవారం సాయంత్రం 4:02

పెద్దలందరూ జనరేటర్ల దగ్గరికి వెళ్లిపోయారు, నా గీజరు గోడు కూడా వినండి. కొత్తగా రెండు ఆర్‌సీసీబీలు పెట్టించాం, కింది అంతస్తుకు ఒకటి, పైకి ఒకటి. కింద గీజరు వేస్తే పై అంతస్తుది కూడా పడుతోంది. గీజరు మార్చాం. మళ్లీ అదే. ఎలక్ట్రీషియన్ ‘ఈ మధ్య వస్తున్నవన్నీ నాసిరకం అమ్మా’ అని ఒకటి తీసేస్తానంటున్నాడు. ఇన్వర్టర్ బిగించినప్పటి నుంచే ఇదంతా.

టెస్టరు జేబులో | మిర్యాలగూడ | సోమవారం సాయంత్రం 4:40

అమ్మా, తీయనివ్వకండి. ఇన్వర్టర్ వైరింగు చేసినప్పుడు కింది న్యూట్రల్‌నూ పై న్యూట్రల్‌నూ ఎక్కడో ఒకే స్విచ్చు బోర్డులో మెలిపెట్టి ఉంటారు. కింది గుమ్మంలోంచి వెళ్లిన కరెంటులో సగం పై గుమ్మంలోంచి తిరిగి వస్తోంది. ఇద్దరు కాపలాదారుల లెక్కా తప్పుతుంది, ఇద్దరూ పడతారు. లీకేజి ఎక్కడా లేదు, న్యూట్రళ్లను విడదీస్తే చాలు. మెయిన్ ఆపి, రెండు ఆర్‌సీసీబీలూ దించి, కింది న్యూట్రల్‌కూ పై న్యూట్రల్‌కూ మధ్య మీటరు పెడితే బీప్ వస్తుంది. ఒక్కో బోర్డులో విప్పుకుంటూ పోతే బీప్ ఆగిన చోట దొరుకుతుంది. వాషింగ్ మెషిన్, ఇన్వర్టర్ ఏసీ లాంటివి ఉంటే ‘ఏ’ టైపు ఆర్‌సీసీబీ ఉందో లేదో కూడా చూడండి. ‘ఏసీ’ టైపు వాటి లీకేజిని సరిగా చూడలేదు.

చల్కనేల | దేవరకొండ దగ్గర | సోమవారం రాత్రి 7:55

కొలతలు వచ్చాయి. పది అడుగుల అవతల తడి నేలలో ఇనుప కడ్డీ దిగ్గొట్టి డబ్బాకూ దానికీ మధ్య చూస్తే 68 వోల్టులు. మీటరు ఉత్తుత్తిగా చూపిస్తోందేమోనని 60 వాట్ల పాత బల్బు పెట్టి చూశాం, ఎర్రగా మిణుకుమంది. జీఐ తీగలో 1.7 ఆంపియర్లు. మూడు తీగలూ కలిపి దవడల మధ్య పెడితే 2.6. మా వైర్‌మన్ రెండుసార్లు తీసి చూశాడు, ‘ఇది సున్న రావాలి కదా’ అంటూ.

డిప్లొమా మూడో ఏడు | నల్లగొండ | సోమవారం రాత్రి 8:20

68ని 1.7తో భాగిస్తే 40! సార్ ఊహించి చెప్పిన గుంత నిరోధమే వచ్చింది.

టెస్టరు జేబులో | మిర్యాలగూడ | సోమవారం రాత్రి 8:31

అది నా తెలివి కాదు తమ్ముడూ, ఆ నేలలో ఎన్ని గుంతలు చూశానో లెక్కలేదు. కానీ అసలు చూడాల్సింది రెండో అంకె. 2.6 పోతోంది, ఎర్తు తీగలో దొరికింది 1.7. మిగతా 0.9 ఎక్కడ?

వైండింగ్ షాపు | జడ్చర్ల | సోమవారం రాత్రి 8:47

బోరులో. అడగండి, పైపు హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) అయి ఉంటుంది. మోటారు బాడీకీ డబ్బాకూ సంబంధం ఉండదు, కింద లీకైనది కిందే నీళ్లలోకి పోతుంది. డబ్బాకు వచ్చింది డబ్బా దగ్గరిదే. కేబులు లోపలికి దూరే రంధ్రం అంచు చూడండి.

చల్కనేల | దేవరకొండ దగ్గర | మంగళవారం ఉదయం 10:15

షాపు అన్నా, నోట మాట రాలేదు. హెచ్‌డీపీఈ పైపే. డబ్బా కింది రంధ్రానికి రబ్బరు బుష్ లేదు, ఎప్పుడో రాలిపోయింది. రేకు అంచుకు కేబులు ఒరుసుకుని రాగి మెరుస్తోంది. చుట్టూ చీమలు పెట్టిన తడి మట్టి. ఫ్యూజులు తీసి ఉంచి ఆ ముక్క కోసి కొత్త బుష్ వేసి బిగించాం. ఇప్పుడు డబ్బా మీద సున్న, జీఐ తీగలో సున్న. దుకాణంలో నాలుగు పోళ్ల (మూడు ఫేజులకూ న్యూట్రల్‌కూ ఒక్కో పోలు) 100 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఇచ్చారు. పెట్టి మోటారు వేస్తే వేసిన క్షణంలోనే పడింది. మూడుసార్లు. షాక్ లేదు కదా, ఇక తీసేయమంటారా?

పాత సబ్‌స్టేషన్ | మహబూబ్‌నగర్ | మంగళవారం ఉదయం 10:40

మూడు తీగలు కలిపి మళ్లీ కొలిచారా?

చల్కనేల | దేవరకొండ దగ్గర | మంగళవారం ఉదయం 11:25

ఆర్‌సీసీబీని తప్పించి ఒక్క నిమిషం నడిపి చూశాం. 0.9.

పాత సబ్‌స్టేషన్ | మహబూబ్‌నగర్ | మంగళవారం ఉదయం 11:50

అది 100 మిల్లీ ఆంపియర్లకు పడేది, మీరు దానికి 900 చూపిస్తున్నారు. పడకపోతేనే వాపసు ఇచ్చేయాలి.

విద్యార్థి బాబుకు ఒక లెక్క. 1.7, 0.9 సూటిగా కూడితే 2.6 వచ్చిందంటే రెండు లీకులూ ఒకే ఫేజు మీద ఉన్నాయన్నమాట. వేర్వేరు ఫేజులైతే 120 డిగ్రీల తేడాతో కలిసి 1.5 దగ్గర చూపించేది, అప్పుడు మొత్తం కన్నా ఎర్తు తీగలోదే ఎక్కువగా కనిపించి అందరం తికమకపడేవాళ్లం.

ఇలాంటి వేటలో మాకు సబ్‌స్టేషన్‌లో ఒక చిన్న పరికరం ఉండేది, రెండు బల్బులు. బ్రేకర్లను పడగొట్టే డీసీ సరఫరాను ఏ వైపూ నేలకు కలపరు. ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య రెండు బల్బులు వరుసగా పెట్టి, వాటి మధ్య బిందువును నేలకు కలుపుతారు. రెండూ సమానంగా మసకగా వెలిగితే అంతా బాగున్నట్లు. ప్లస్ ఎక్కడో నేలను తాకితే ప్లస్ బల్బు ఆరి మైనస్ బల్బు ప్రకాశిస్తుంది. వానాకాలం యార్డులో ఏదో ఒక మార్షలింగ్ బాక్సులో (కంట్రోలు తీగలన్నీ కలిసే డబ్బాలో) నీళ్లు చేరేవి. ఒక్కో డీసీ ఫ్యూజు తీస్తూ పోతే ఏది తీసినప్పుడు బల్బులు మళ్లీ సమానమయ్యాయో ఆ సర్క్యూటులో దొంగ ఉన్నట్లు. ఒక్క ఎర్తుతో ఏమీ కాదు. రెండోది వస్తే ఎవరూ చెప్పకుండానే బ్రేకరు పడవచ్చు, లేదా పడాల్సినప్పుడు పడకపోవచ్చు.

వైండింగ్ షాపు | జడ్చర్ల | మంగళవారం మధ్యాహ్నం 12:30

మోటారు పైకి తీయండి. తీసేటప్పుడు ప్రతి కేబులు జాయింటునూ చేత్తో తడిమి చూడండి. జిగట టేపు మాత్రమే చుట్టి దించిన జాయింటు ఉంటే అదే. మోటారును నా దగ్గరికి తేవద్దు, ముందు కేబులు కోసి దేనికది 500 వోల్టుల మెగ్గర్ పెట్టించండి. నాకు పని పోయినా పరవాలేదు.

చల్కనేల | దేవరకొండ దగ్గర | బుధవారం సాయంత్రం 6:10

తీశాం. 190 అడుగుల దగ్గర పాత జాయింటు. టేపు మీద టేపు, లోపల పిండితే నీళ్లు కారాయి. ఒక తీగ మీద పచ్చటి చిలుము, పక్కన నల్లగా కాలిన మచ్చ. మోటారు ఒక్కదానికే మెగ్గర్ పెడితే 20 మెగా ఓంలు. జాయింటుతో సహా కేబులుకు పెడితే ముల్లు సున్న మీద నుంచి కదలలేదు. రెసిన్ పోసే జాయింటు కిట్ తెచ్చి వేశాం, కొన్ని గంటలు ఆరనిచ్చి దించాం. నీళ్లలోకి దించాక మొత్తం 12 మెగా ఓంలు. మోటారు వేశాం, ఆర్‌సీసీబీ నిలబడింది. రెండు గంటలుగా నడుస్తోంది.

ఒక్కటే అనుమానం. దాని మీది ‘టి’ (టెస్టు) బటన్ నొక్కితే పడడం లేదు. పాడైందా?

వైండింగ్ షాపు | జడ్చర్ల | బుధవారం సాయంత్రం 6:22

నిలబడిందంటే ఒప్పుకుంటున్నాను. 100ది కాబట్టి నిలబడింది, 30ది అయితే చూసేవాళ్లం.

టెస్టరు జేబులో | మిర్యాలగూడ | బుధవారం సాయంత్రం 6:45

షాపు గారూ, సగం ఒప్పుకోలు కూడా మాకు పండగే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు ఇళ్లకు 30 మించకూడదని, మిగతావాటికి 100 మించకూడదని చెబుతాయి కాబట్టి దుకాణం ఇచ్చింది తప్పేమీ కాదు. మనిషి ప్రాణానికి భరోసా మాత్రం 30దే. చల్కనేల గారి కేబులు ఇప్పుడున్న స్థితిలో అదీ నిలవవచ్చు, వచ్చే ఏడాది మార్చి చూడవచ్చు.

బటన్ పాడవలేదు. అది నొక్కితే లోపల ఒక రెసిస్టర్ ద్వారా కొంత కరెంటు వలయాన్ని తప్పించుకుని పోతుంది, కృత్రిమంగా లీకేజి పుడుతుంది. చాలా నాలుగు పోళ్ల వాటిలో ఆ రెసిస్టర్ ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉంటుంది. మీది మూడు ఫేజుల మోటారు కాబట్టి న్యూట్రల్ పోలు ఖాళీగా వదిలేసి ఉంటారు. ఫ్యూజులు తీసి, స్తంభం నుంచి వచ్చే న్యూట్రల్‌ను ఆ పోలు పై టెర్మినల్‌కు బిగించండి. కింద ఏమీ కలపనక్కర్లేదు. డబ్బాకు అసలే తగలకూడదు.

చల్కనేల | దేవరకొండ దగ్గర | గురువారం ఉదయం 7:30

న్యూట్రల్ బిగించి నొక్కాను, టక్కున పడింది. మా ఆవిడ తనూ నొక్కి చూస్తానంది. రెండుసార్లు నొక్కింది.